‘హిట్టిన్ ద నోట్’: పాత బ్యాండ్ కొత్త ఆల్బమ్‌ని ఎలా వినాలి?

పేరున్న పాత బ్యాండ్ ఏదైనా ముప్ఫై ఏళ్ళ తర్వాత కొత్త ఆల్బమ్ తీసుకొస్తే మనలో ఎక్కువ మంది చేసేది ఒకటే. యాప్‌లో దాని బొమ్మ చూసి, ఓహో వీళ్ళింకా ఉన్నారా అనుకుని, కిందికి స్క్రోల్ చేసి పాత హిట్ పాటే పెట్టుకుంటాం. మనల్ని తప్పు పట్టాల్సింది కూడా ఏం లేదు. అలాంటి ఆల్బమ్‌లలో చాలావాటికి టూర్ టిక్కెట్లు అమ్మిపెట్టడం తప్ప వేరే పని ఉండదు. గొంతు అరిగిపోయి ఉంటుంది, పాటలేమో పాత పాటలకి జిరాక్స్ కాపీల్లా ఉంటాయి.

ఈ పాఠం దానికి ఒక మినహాయింపు గురించి. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ 2003 మార్చి 18న విడుదల చేసిన ‘హిట్టిన్ ద నోట్’. బ్యాండ్ మొదలైంది 1969లో, అంటే ఈ ఆల్బమ్ వచ్చేసరికి దాని వయసు 34. అంతకు ముందు స్టూడియో ఆల్బమ్ ‘వేర్ ఇట్ ఆల్ బిగిన్స్’ వచ్చింది 1994లో. మధ్యలో తొమ్మిదేళ్ళ గ్యాప్. దీని తర్వాత వాళ్ళు మరో స్టూడియో ఆల్బమ్ చెయ్యలేదు. పదకొండు ట్రాకులు, సుమారు 75 నిమిషాలు. పాఠం అన్నాను కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆల్బమ్ ప్లే చేసుకుంటూ చదివితే మంచిది. కానీ ముందు కొంచెం కథ తెలియాలి. లేకపోతే ఈ ఆల్బమ్ చెయ్యడానికి వీళ్ళకి అంత గుండె ధైర్యం ఎందుకు కావాల్సొచ్చిందో అర్థం కాదు.

సదరన్ రాక్ అంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల రాక్. జార్జియా, ఫ్లోరిడా, అలబామా లాంటి చోట్ల నల్లవాళ్ళ బ్లూస్, చర్చిల్లో పాడే గాస్పెల్, పల్లెల్లోని కంట్రీ సంగీతం, ఇవన్నీ కలిసి 1970ల్లో ఎలక్ట్రిక్ గిటార్ల మీదికి ఎక్కాయి. ఆ పేరంటే ఈ బ్యాండ్ గాయకుడు గ్రెగ్ ఆల్‌మన్‌కి పడేది కాదు. రాక్ పుట్టిందే దక్షిణాదిలో, మళ్ళీ దానికి ఆ తోక దేనికి అనేవాడు. మనం ‘నడి సెంటర్’ అంటాం చూడండి, అలాగన్నమాట.

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆరుగురు కలిశారు. డ్యువేన్ ఆల్‌మన్, డికీ బెట్స్ గిటార్లు. డ్యువేన్ తమ్ముడు గ్రెగ్ పాట, హామండ్ ఆర్గన్. బెర్రీ ఓక్లీ బేస్. బుచ్ ట్రక్స్, జైమో ఇద్దరూ డ్రమ్స్. తర్వాత మకాం జార్జియాలోని మేకన్‌కి మార్చారు. జైమో నల్లజాతివాడు, అంతకు ముందు ఓటిస్ రెడ్డింగ్ లాంటి వాళ్ళ వెనక వాయించినవాడు. 1969 నాటి జార్జియాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బ్యాండ్‌లో ఉండి, కలిసి తిని, కలిసి తిరగడం చిన్న విషయం కాదు. ఈ సంగతి చెప్పకుండా సదరన్ రాక్ గురించి మాట్లాడితే సగం కథే చెప్పినట్టు.

1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్‌లో రికార్డ్ చేసిన లైవ్ ఆల్బమ్ జూలైలో వచ్చి వాళ్ళ పేరు మోగించేసింది. అదే ఏడాది అక్టోబర్ 29న మేకన్‌లో మోటార్ సైకిల్ ప్రమాదంలో డ్యువేన్ చనిపోయాడు. వయసు 24. ఏడాది తిరిగిందో లేదో, 1972 నవంబర్ 11న బెర్రీ ఓక్లీ కూడా అదే ఊళ్ళో, ఆ చోటికి దగ్గర్లోనే, మోటార్ సైకిల్ ప్రమాదంలోనే పోయాడు. అతనికీ 24. నాకంటే ఐదేళ్ళు పెద్దవాళ్ళు, అంతే.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1976లో విడిపోయారు, కొన్నాళ్ళకి కలిశారు, 1982లో మళ్ళీ విడిపోయారు, 1989లో మళ్ళీ కలిశారు. డ్రగ్స్, తాగుడు, కోర్టులు, డబ్బు గొడవలు, అన్నీ ఉన్నాయి. 1989లో కలిసినప్పుడు వారెన్ హేన్స్ అనే గిటారిస్ట్ వచ్చాడు. 1997లో అతనూ, బేసిస్ట్ ఆలెన్ వుడీ ఇద్దరూ తమ సొంత బ్యాండ్ గవర్న్‌మెంట్ మ్యూల్ కోసం వెళ్ళిపోయారు. బేస్‌కి ఓటీల్ బర్‌బ్రిడ్జ్ వచ్చాడు. 1999లో డెరెక్ ట్రక్స్ వచ్చాడు. డ్రమ్మర్ బుచ్‌కి స్వయానా అన్నదమ్ముల కొడుకు. అప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు, మన థర్డ్ ఇయర్ వాళ్ళ వయసు.

ఇక 2000 మే నెల. డికీ బెట్స్‌కి మిగతా వ్యవస్థాపకుల నుంచి ఒక ఫ్యాక్స్ వెళ్ళింది. వచ్చే టూర్‌లో నువ్వు లేవు అని దాని సారాంశం. అతని తాగుడు, ప్రవర్తన కారణమని వాళ్ళన్నారు, అతను ఒప్పుకోలేదు. విషయం లాయర్ల దాకా వెళ్ళింది. అతను మళ్ళీ ఎప్పుడూ ఆ బ్యాండ్‌తో వాయించలేదు. ‘రాంబ్లిన్ మ్యాన్’, ‘జెస్సికా’, ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ రాసింది ఇతనే. అంటే బ్యాండ్ పేరు తెలియనివాళ్ళకి కూడా తెలిసిన పాటలు రాసినవాణ్ణి ఒక కాగితంతో పంపించేశారు. 2001లో వారెన్ హేన్స్ తిరిగొచ్చాడు.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటి ఆరుగురిలో 2003 ఆల్బమ్‌లో ఉన్నది ముగ్గురే: గ్రెగ్, బుచ్, జైమో. ఈ బ్యాండ్‌ని జనం గుర్తుపట్టేదే రెండు గిటార్ల వల్ల. ఆ రెండు గిటార్లూ ఇప్పుడు కొత్త చేతుల్లో ఉన్నాయి. పైగా వాళ్ళ మంచి ఆల్బమ్‌లలో చాలావాటిని నిలబెట్టిన ప్రొడ్యూసర్ టామ్ డౌడ్ కూడా ఇందులో లేడు. 2002 అక్టోబర్‌లో, ఆల్బమ్ బయటికి రాకముందే, చనిపోయాడు. (మన ఇంజినీరింగ్ వాళ్ళు ఈయన గురించి విడిగా చదవాలి. కుర్రతనంలో మన్‌హాటన్ ప్రాజెక్ట్‌లో పని చేసి, తర్వాత సంగీతంలోకి వచ్చి, ఎనిమిది ట్రాకుల రికార్డింగ్‌ని స్టూడియోలకి అలవాటు చేసినవాడు. ఫిజిక్స్ చదివితే ఏమొస్తుంది అనేవాళ్ళకి చూపించడానికి పనికొస్తాడు.)

అందుకే ప్రశ్న: ఇది అదే బ్యాండా?

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. మన క్లబ్బునే తీసుకోండి. నాలుగేళ్ళలో ఒక్క మనిషి కూడా మిగలకుండా అందరూ మారిపోతారు. పేరు మాత్రం అదే ఉంటుంది. ఫస్ట్ ఇయర్‌లో నేను చేరినప్పుడు ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్ళు ఇప్పుడు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నారు. వాళ్ళు మొదలుపెట్టిన శీర్షికలు మనం నడుపుతున్నాం. వాళ్ళ పాత సంచికలు డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి మనది అదే పత్రిక అయిపోతుందా? లేక ఒక రచనని ముందేసుకుని ఆ మాట ఎందుకు, ఈ వాక్యం ఎందుకు అని రాత్రి రెండింటిదాకా కొట్టుకునే అలవాటు మనకీ అంటింది కాబట్టి అదే పత్రికా? నాకైతే రెండోదే నిజం అనిపిస్తుంది. ‘హిట్టిన్ ద నోట్’ని నేను వినేది కూడా ఆ చెవితోనే. ఈ ఆల్బమ్‌లో బ్యాండ్ అంటే మనుషులు కాదు, పాత పాటలూ కాదు. ఒకరినొకరు వినే ఒక పద్ధతి. అది చేతులు మారిందా లేదా అన్నదే ఇక్కడ పరీక్ష.

ఆల్బమ్ పేరే అది చెప్తుంది. ‘హిట్టిన్ ద నోట్’ అన్నది బ్యాండ్ మొదటి రోజుల నుంచీ వాళ్ళలో వాళ్ళు వాడుకున్న మాట. స్టేజి మీద ఏదో ఒక క్షణంలో ఎవరూ ప్రయత్నించనట్టే ఉంటుంది, అన్నీ వాటంతటవే కలిసిపోతాయి. ఆ స్థితికి వాళ్ళు పెట్టుకున్న పేరు. దీన్ని తెలుగులో ఏమనాలా అని చాలాసేపు ఆలోచించాను. ‘స్వరాన్ని కొట్టడం’ అంటే ఎవరినో కొడుతున్నట్టుంది. మా అమ్మమ్మ భజనలో అందరి గొంతులూ కుదిరినప్పుడు ‘ఇప్పుడు శ్రుతిలో పడింది’ అంటుంది. అదే సరైన మాట. కొట్టడం కాదు, పడటం.

సరే, ఇప్పుడు వినడం మొదలుపెడదాం.

మొదట గిటార్లని వదిలేసి డ్రమ్స్ వినండి. మొదటి ట్రాక్ ‘ఫైరింగ్ లైన్’తోనే మొదలుపెట్టొచ్చు. ఇద్దరు డ్రమ్మర్లు అనగానే రెట్టింపు గోల అనుకుంటాం. ఇక్కడ అలా ఉండదు. బుచ్ ట్రక్స్ వాయించేది గూడ్స్ బండి లాంటిది, తిన్నగా, బరువుగా, ఆగకుండా వెళ్ళిపోతుంది. జైమో జాజ్ విని పెరిగినవాడు, అతను ఆ బండి పక్కన నడుస్తూ కబుర్లు చెప్తుంటాడు. ఒకచోట దెబ్బ మానేస్తాడు, ఇంకోచోట సింబల్ మీద చిన్నగా గీస్తాడు. వీళ్ళిద్దరికీ తోడు మార్క్ కిన్యోనెస్ కాంగాల లాంటి వాద్యాలతో మధ్య ఖాళీల్లో దూరతాడు. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఒకే వేరియబుల్ మీద మూడు థ్రెడ్లు రాస్తున్నాయి. లాక్ లేకపోతే మొత్తం పాడవ్వాలి. వీళ్ళ లాక్ ఏంటంటే చెవి. బుచ్, జైమో పక్కపక్కన కూర్చుని వాయించడం మొదలుపెట్టి అప్పటికి 34 ఏళ్ళు. ఆ అలవాటు ఏ ప్రొడ్యూసరూ స్టూడియోలో తయారు చెయ్యలేడు.

ఇప్పుడు గిటార్లు. దీనికి పదో ట్రాక్ ‘ఇన్‌స్ట్రుమెంటల్ ఇల్‌నెస్’ పెట్టుకోండి. పాట లేదు, వాద్యమే, పన్నెండు నిమిషాలకి పైనే. వారెన్ హేన్స్, ఓటీల్ బర్‌బ్రిడ్జ్ కలిసి రాశారు. ఉత్తమ రాక్ వాద్య ప్రదర్శన విభాగంలో గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

ఆల్‌మన్ బ్రదర్స్ గుర్తు అనదగ్గ విషయం ఏంటంటే, రెండు గిటార్లు ఒకే బాణీని పక్కపక్క మెట్ల మీద వాయించడం. చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకున్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరు స రి గ మ అంటుంటే, రెండోవాళ్ళు అదే వేగంలో గ మ ప ద అంటారనుకోండి. విడివిడిగా వింటే రెండూ మామూలు బాణీలే. కలిపి వింటే మూడో గొంతేదో పుట్టినట్టుంటుంది. రాక్ సంగీతంలో అప్పటివరకూ ఒక గిటార్ ముందు నిలబడితే రెండోది వెనక తాళం చూసుకోవడమే ఎక్కువ. డ్యువేన్, డికీ ఇద్దరూ ముందే నిలబడ్డారు. తర్వాత వచ్చిన ఎన్నో బ్యాండ్లు ఈ పద్ధతిని పట్టుకున్నాయి.

రెండో గుర్తు, బాణీ అయిపోయాక వచ్చే విస్తారం. డ్యువేన్, జైమో వాళ్ళు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డులు అరగదీసి విన్నారు. అక్కడ నేర్చుకున్నది ఇది: కార్డ్‌లు గబగబా మార్చకుండా, ఒకటి రెండు కార్డ్‌ల మీదే చాలాసేపు నిలబడి, ఒక స్వరాల గుంపుని అటూ ఇటూ తిప్పి చూడటం. రాగాలాపన వినే అలవాటున్న ఇంట్లో పెరిగినవాళ్ళకి పన్నెండు నిమిషాల గిటార్ అంత భయం వెయ్యదు. మిగతావాళ్ళకి నా సలహా, మొదటిసారి సోలో వినకండి. సోలో వాయించని గిటార్ ఏం చేస్తోందో వినండి. అవతలివాడు పైకి వెళ్తుంటే ఇతను తగ్గుతాడు, అవతలివాడు ఒక ముక్క రెండుసార్లు అంటే ఇతను దాన్ని పట్టుకుని తిరిగి అందిస్తాడు. అసలు సరుకు అక్కడుంది.

ఇద్దరిలో ఎవరెవరో ఎలా తెలుస్తుంది? హేన్స్ ధ్వని మందంగా, గరుకుగా ఉంటుంది, బొంగురు గొంతు మనిషి మాట్లాడినట్టు. అతని పాట కూడా అలాగే ఉంటుంది. డెరెక్‌ది పాడుతున్న ఆడగొంతులా సాగుతుంది. హేన్స్ కూడా స్లైడ్ వాయిస్తాడు కాబట్టి ఒక్కోసారి తికమక తప్పదు, కానీ నాలుగైదుసార్లు వింటే చెవికి అలవాటైపోతుంది.

డెరెక్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. స్లైడ్ అంటే వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగ మీద జారించడం. మామూలుగా గిటార్ మీద లోహపు మెట్లుంటాయి, వేలు నొక్కితే ఆ మెట్టు స్వరమే పలుకుతుంది. గాజుతో జారిస్తే మెట్ల మధ్య ఉన్న జాగా కూడా పలుకుతుంది. డ్యువేన్ దీనికి కొరిసిడిన్ అనే జలుబు మాత్రల గాజు సీసా వాడేవాడు. జలుబు మందు సీసా అలా సంగీత వాద్యం అయిపోయింది. డెరెక్ కూడా డ్యువేన్‌లాగే ఓపెన్ ఈ శ్రుతిలో వాయిస్తాడు. అంటే ఎక్కడా వేలు పెట్టకుండా ఆరు తీగలూ మీటితే ఒక నిండు మేజర్ కార్డ్ వినపడేలా తీగలు బిగించడం. కుడిచేతికి ప్లెక్ట్రమ్ ఉండదు, వేళ్ళతోనే మీటుతాడు. అందుకే అతని స్వరం మొదలయ్యేచోట టిక్కుమనే శబ్దం ఉండదు, నోరు తెరిచినట్టు మెల్లగా మొదలవుతుంది.

ఇక్కడ మన దేశానికి నిజమైన లింక్ ఒకటుంది. డెరెక్ సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ సంగీతానికి పడిపోయినవాడు, కాలిఫోర్నియాలోని శాన్ రఫాయెల్‌లో ఆయన పెట్టిన సంగీత కళాశాలలో కొంత నేర్చుకున్నాడు కూడా. సరోద్‌కి మెట్లే ఉండవు, నున్నటి లోహపు పలక మీద గోటితో తీగని నొక్కి జారుస్తారు. స్లైడ్ గిటార్‌కి అంతకంటే దగ్గరి చుట్టం ఇంకేం కావాలి? 2002లో తన సొంత బ్యాండ్‌తో చేసిన ‘జాయ్‌ఫుల్ నాయిజ్’లో రాహత్ ఫతే అలీ ఖాన్‌తో ఒక పాట పాడించాడు. ఆ మరుసటి ఏడాదే ‘హిట్టిన్ ద నోట్’ వచ్చింది. ఈ ఆల్బమ్‌లో అతను ఒక స్వరం మీదికి నేరుగా దిగకుండా, కొంచెం కింద నుంచి వచ్చి, చుట్టూ తిరిగి ఆగడం విన్నప్పుడల్లా నాకు గమకమే గుర్తొస్తుంది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ చిన్న చిన్న మెట్లున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించి అందరినీ ఆశ్చర్యపరిచాడు కదా. డెరెక్ అదే ఆకలితో బ్లూస్ వైపు నుంచి బయల్దేరాడు అనుకోవచ్చు.

నాకు బాగా నచ్చేది ఏంటంటే, డెరెక్ డ్యువేన్‌ని అనుకరించడు. ఎంత తేలికో ఆలోచించండి. పుట్టింది బ్యాండ్ మొదలైన జాక్సన్‌విల్‌లోనే. డ్యువేన్ గిటార్ వాయించిన డెరెక్ అండ్ ద డామినోస్ పేరు మీదే ఇతనికి పేరు పెట్టారు. బాబాయో పెదనాన్నో డ్రమ్స్ మీదే కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు పాత సామాన్ల అమ్మకంలో ఐదు డాలర్లకి కొన్న గిటార్‌తో మొదలుపెట్టి, చిన్నపిల్లాడిగానే స్టేజిలెక్కాడు. జనం అతని దగ్గర ఆశించేది డ్యువేన్ మళ్ళీ పుట్టాలనే. అలాంటి చోట ఇరవై ఏళ్ళవాడు డ్యువేన్ సీసానీ శ్రుతినీ తీసుకుని, వాటితో సరోద్ దారిలో వెళ్ళడం అంటే మాటలు కాదు. సీనియర్లు వదిలేసిన కోడ్‌లో ఒక్క లైన్ మార్చాలంటేనే మన చేతులు వణుకుతాయి.

ఇక గ్రెగ్. ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి 55 ఏళ్ళు. హెరాయిన్, మద్యం అతని జీవితంలో చాలా ఏళ్ళు తినేశాయి. 1995 జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు బ్యాండ్‌ని సన్మానించినప్పుడు స్టేజి మీద సరిగ్గా మాట్లాడలేనంతగా తాగి ఉన్నాడు. తర్వాత టీవీలో తనని తాను చూసుకుని సిగ్గుపడి, తాగుడు మానేశాడు. రెండో ట్రాక్ ‘హై కాస్ట్ ఆఫ్ లో లివింగ్’ పేరుని మన భాషలో చెప్పాలంటే ‘దిగజారిన బతుకుకి పెద్ద ఖరీదు’. దారి తప్పినవాణ్ణి హెచ్చరించే పాట. వేరేవాళ్ళు పాడితే అది నీతిబోధ అయ్యేది. గ్రెగ్ పాడుతుంటే బిల్లు కట్టినవాడు రసీదు చూపిస్తున్నట్టుంటుంది. ‘ఓల్డ్ బిఫోర్ మై టైమ్’ ఇంకా నెమ్మది, ఇంకా నిజం. 1969లో ఇరవై ఒక్కేళ్ళప్పుడే అతను ముసలివాడి గొంతుతో పాడేవాడు, అది అప్పట్లో వింత. ఇప్పుడు వయసొచ్చి ఆ గొంతుతో కలిసింది. పాత బ్యాండ్‌కి కొత్త ఆల్బమ్ ఎందుకు అని అడిగేవాళ్ళకి నా జవాబు ఈ రెండు పాటలు. ఇవి 1971లో రాయగలిగిన పాటలు కావు.

‘డెస్డిమోనా’ కూడా గ్రెగ్‌దే. తొమ్మిది నిమిషాలు దాటుతుంది. దిగులుగా మొదలై, మధ్యలో జాజ్ వైపు మళ్ళి, రెండు గిటార్లకీ బోలెడంత ఖాళీ వదిలి, తిరిగి పాట దగ్గరికి వస్తుంది. ఆల్బమ్ మొత్తంలో ఒక్కటే వినే టైమ్ ఉంటే, సెమిస్టర్ పరీక్షల ముందు రోజు లాంటప్పుడు, ఇది వినండి.

అన్నీ బాగున్నాయని చెప్పను. 75 నిమిషాలు ఎక్కువ. సీడీలో జాగా ఉంది కదా అని నింపిన కాలం అది, ఎల్‌పీ రోజుల్లో అయితే నలభై నిమిషాల దగ్గర ఎవరో ఒకరు ఆపేవాళ్ళు. రోలింగ్ స్టోన్స్ పాట ‘హార్ట్ ఆఫ్ స్టోన్’ని మళ్ళీ పాడటం వల్ల ఒరిగిందేం లేదు. ‘మేడెల్’ బాగానే ఉంది కానీ ఏ మంచి బార్ బ్యాండ్ అయినా వాయించగలిగేదే. ఫ్రెడీ కింగ్ రికార్డ్ చేసిన ‘వుమన్ అక్రాస్ ద రివర్’ మాత్రం పాతదైనా ఇక్కడ ఇమిడింది, గిటార్లు దాన్ని తమది చేసుకున్నాయి.

నాకు గొంతులో అడ్డం పడే విషయం వేరే ఉంది. డికీ బెట్స్. వారెన్ హేన్స్ ఈ బ్యాండ్‌లోకి ఎలా వచ్చాడో తెలుసా? అంతకు ముందు అతను బెట్స్ సొంత బ్యాండ్‌లో గిటార్ వాయించేవాడు. 1988లో వచ్చిన బెట్స్ ఆల్బమ్ ‘ప్యాటర్న్ డిస్రప్టివ్’లో ఉన్నాడు. మరుసటి ఏడాది బ్యాండ్ తిరిగి కలిసినప్పుడు బెట్సే అతన్ని వెంట తీసుకొచ్చాడు. బ్యాండ్‌కి పేరు తెచ్చిన వాద్య రచనలు చాలావరకు బెట్స్‌వే. 1990, 1991 ఆల్బమ్‌లలోని ‘ట్రూ గ్రావిటీ’, ‘కైండ్ ఆఫ్ బర్డ్’ బెట్స్, హేన్స్ కలిసి రాశారు. అంటే రెండు గిటార్ల బాణీ ఎలా కట్టాలో, విస్తారం ఎక్కడ తెరవాలో, ఎక్కడ తిరిగి రావాలో హేన్స్ నేర్చుకున్నది బెట్స్ పక్కన కూర్చునే. ఇప్పుడు మళ్ళీ ‘ఇన్‌స్ట్రుమెంటల్ ఇల్‌నెస్’ వినండి. ఆ ఆల్బమ్‌లో బెట్స్ పేరు ఎక్కడా లేదు. అతను నేర్పిన పాఠం మాత్రం పన్నెండు నిమిషాలు వాయిస్తున్నారు.

దీన్ని ఎలా తీసుకోవాలో నాకు ఒక తీర్పు ఉంది, అందరూ ఒప్పుకోకపోవచ్చు. ఆల్బమ్ గొప్పగా ఉండటం ఆ ఫ్యాక్స్‌ని సమర్థించదు. అతనితో పని చెయ్యడం కష్టమై ఉండొచ్చు, గ్రెగ్ తాగుడు మానేసి నిలదొక్కుకుంటున్నాడు కాబట్టి దూరం అవసరమై ఉండొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళు పక్కన నిలబడ్డ మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. పద్ధతి చేతులు మారింది అని పైన అన్నాను, అది నిజమే. ఇచ్చిన చేతిని గది బయట ఉంచి తలుపేశారు అన్నదీ అంతే నిజం. ఆల్బమ్ వింటున్నంతసేపూ రెండూ కలిసే వినపడతాయి నాకు.

లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. ‘రాకిన్ హార్స్’ పాట 1995లో గవర్న్‌మెంట్ మ్యూల్ మొదటి ఆల్బమ్‌లో వచ్చింది. రాసినవాళ్ళలో ఆలెన్ వుడీ ఒకడు. అతను 2000 ఆగస్టులో చనిపోయాడు. బతికున్నప్పుడు ఈ బ్యాండ్‌లో బేస్ వాయించినవాడి పాటని, అతని తర్వాత వచ్చిన ఓటీల్ బేస్ మీద మోస్తున్నాడు. ఓటీల్ మోత ఎంత మృదువుగా ఉంటుందంటే, బేస్ కోసమే వెతికి వింటే తప్ప తెలియదు.

చివరి ట్రాక్ ‘ఓల్డ్ ఫ్రెండ్’కి వచ్చేసరికి గది ఖాళీ అయిపోతుంది. డ్రమ్స్ లేవు, ఆర్గన్ లేదు, బేస్ లేదు. వారెన్ హేన్స్ గొంతు, అతని గిటార్, పక్కన డెరెక్ స్లైడ్, అంతే. రెండూ అకూస్టిక్ గిటార్లు. డ్యువేన్ పోయాక 1972లో వచ్చిన ‘ఈట్ ఎ పీచ్’ ఆల్బమ్‌లో కూడా ఇలాంటిదే ఒకటుంది. డ్యువేన్ రాసిన ‘లిటిల్ మార్తా’ అనే చిన్న ముక్క, డ్యువేన్, డికీ ఇద్దరి అకూస్టిక్ గిటార్లతో.

అప్పుడు వాయించిన ఇద్దరూ ‘ఓల్డ్ ఫ్రెండ్’లో లేరు. గ్రెగ్ లేడు, బుచ్ లేడు, జైమో లేడు. ఆల్‌మన్ బ్రదర్స్ చివరి స్టూడియో ఆల్బమ్‌లో చివరి పాటలో ఆల్‌మన్ ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. బ్యాండ్ మొదలైనప్పుడు హేన్స్‌కి తొమ్మిదేళ్ళు నిండలేదు, డెరెక్ ఇంకా పుట్టలేదు. హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ కొంచెం పెంచి వినండి, గాజు తీగ మీద జారే చప్పుడు కూడా వినపడుతుంది.